పదకొండో నంబరులో నలుగురు

మా భవనంలో పన్నెండు ఫ్లాట్లు. నాలుగు అంతస్తులు, అంతస్తుకు మూడు. రియాద్‌లో ఆ భవనంలోని పదకొండో నంబరులో నేను చేరి, ఈ సంగతులు మొదలైన అక్టోబరు నాటికి తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు. అందులో మొదటి ఎనిమిదేళ్ళు మేము నలుగురం. తరువాతి పదహారు నెలలు నేనొక్కడినే.

భార్యనూ ఇద్దరు ఆడపిల్లలనూ అంతకు ముందటి ఏడాది జూన్ ఇరవై ఒకటిన ఎగ్జిట్ మీద, అంటే ఇక్కడి నివాసం రద్దు చేయించి, ఊరికి పంపించాను. ఆశ్రితుల మీద ఇక్కడి ప్రభుత్వానికి తలకు నెలకు నాలుగు వందల రియాళ్ళ రుసుము. ముగ్గురికి ఏడాదికి పద్నాలుగు వేల నాలుగు వందలు. దానికి బడి ఫీజులు కలిపితే నా జీతంలో మిగిలేది ఎంతో ఒక కాగితం మీద వేసి భార్యకు చూపించాను. ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, నాకే ఇచ్చింది. ఆ రోజు డైరీలో విమానం బయలుదేరిన సమయం, సామాను బరువు మాత్రమే ఉన్నాయి.

అయితే నా అద్దె ఒప్పందంలో ఆ ఫ్లాటు కుటుంబానికి ఇచ్చినట్లు ఉంది. ఇక్కడ కుటుంబాల భవనంలో ఒంటరి మగవాడు ఉండకూడదు. తెలిస్తే ఖాళీ చేయమంటారు. చేస్తే నేను పోవలసింది ఊరి అంచున సులైలోని కంపెనీ క్యాంపుకు. గదికి ఆరుగురు, మూడు రెండంతస్తుల మంచాలు. నేను గిడ్డంగి చూసేది కూడా సులైలోనే కాబట్టి రాకపోకల సమయం మిగిలేది. కాని పిల్లల వేసవి సెలవుల్లో ముగ్గురినీ విజిట్ వీసా మీద రప్పిస్తానని మాట ఇచ్చి ఉన్నాను. ఫ్లాటు పోతే వాళ్ళను దించడానికి చోటు లేదు. అందుకని నేను ఎవరికీ చెప్పలేదు. తలుపు బయట మెట్టు మీద భార్య చెప్పులు, చిన్నదాని చెప్పులు ఉంచాను. పదిహేను రోజులకొకసారి, శనివారాలలో, ఆమె వదిలిపెట్టి వెళ్ళిన రెండు నైటీలను తడిపి మేడ మీద తీగకు ఆరేసేవాడిని. ఇలా చేసేవాడిని నేనొక్కడినే కాదు. రుసుము వచ్చిన తరువాత ఈ ఊళ్ళో ఎన్ని తీగల మీద ఎవరూ కట్టని బట్టలు ఆరుతున్నాయో నాకు తెలియదు.

భవనం యజమాని పెద్దాయన పోయాక కొడుకులు అద్దెల వసూలునూ నిర్వహణనూ ఒక మక్తబ్‌కు, అంటే ఇళ్ళ వ్యవహారాలు చూసే కార్యాలయానికి, అప్పగించారు. వాళ్ళు అద్దె తీసుకునేవారు, ఫోను తీసేవారు కారు. కాపలా ఉండే హారిస్‌ను మాన్పించారు. లిఫ్టు ఆగస్టు మూడున ఆగింది. సెప్టెంబరు నెలలో మేడ మీది ట్యాంకు పదకొండుసార్లు పూర్తిగా ఎండింది. ఈ అంకెలు నా దగ్గర ఉన్నాయి కాబట్టే తరువాతిదంతా నా నెత్తికి వచ్చింది.

అక్టోబరు రెండో శుక్రవారం జుమ్మా నమాజు తరువాత అందరూ కింద కార్లు నిలిపే చోట చేరారు. అప్పటికి లిఫ్టు ఆగి అరవై ఎనిమిది రోజులు. మాట్లాడినవాడు ముఖ్యంగా ఏడో నంబరు దర్జీ. హైదరాబాదు మనిషి, ఈ దేశంలో ఇరవై ఆరేళ్ళ అనుభవం, అరబ్బీ ధారాళంగా వస్తుంది. భార్య, పెళ్ళీడుకొచ్చిన ఇద్దరు కూతుళ్ళు, ఒక ముసలి అత్తగారు.

"మక్తబోడు మనకెందుకు సాబ్? నీళ్ళు మనం తెప్పిస్కుందం, లిఫ్టు మనం చేపిస్కుందం, కిరాయి నేరుగ పెద్ద కొడుకు చేతుల పెడ్దం. ఆయనకేం నష్టం? మధ్యల దలాలీ మిగుల్తది గద!" అన్నాడు.

"మరి లెక్కలు ఎవరు రాస్తారండీ? మీరు రాస్తే కొలతలన్నీ అంగుళాల్లో ఉంటాయి," అంది ఐదో నంబరు నర్సు. ఆమెది భీమవరం వైపు. భర్త ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే ల్యాబులో రాత్రి డ్యూటీలు చేస్తాడు.

"నువ్వు రాస్తే అందరికీ జ్వరం ఎంతుందో రాస్తవు బిడ్డా. గా పైన సాబ్ ఉన్నడు గద. ఆయన దగ్గర ట్యాంకు ఎన్నిసార్లు ఎండిందో గూడ ఉన్నది."

అందరూ నా వైపు తిరిగారు. నేను వద్దనడానికి కారణం ఒక్కటే ఉంది. అది చెప్పే కారణం కాదు. సరేనన్నాను. నిర్వహణ సంఘంలో ముగ్గురం: దర్జీ, నర్సు, నేను.

నవంబరు నాలుగున యజమాని పెద్ద కొడుకు మమ్మల్ని ఇంటికి పిలిచాడు. బడిలో ఉపాధ్యాయుడు, మర్యాదస్థుడు. ఖహ్వా కాఫీ పోయించి, మేము రాసుకెళ్ళిన కాగితమంతా నిదానంగా చదివి, మూడు షరతులు చెప్పాడు. అద్దె గడువు తప్పకూడదు. గోడలు కదిలించే పని ఏదైనా తనను అడగాలి. మూడోది, భవనంలో ఒంటరి మగవాళ్ళు ఉండకూడదు. ఏ ఫ్లాటులో ఎందరున్నారో పట్టిక రాసి, రాసినవాడు సంతకం పెట్టి ఇవ్వాలి. ఒక్క ఫ్లాటులో షరతు తప్పినా నిర్వహణ తిరిగి మక్తబ్‌కే పోతుంది.

"అంతా ఫ్యామిలీలే కదా?" అని అరబ్బీలో అడిగాడు. ఆ మాత్రం అరబ్బీ నాకూ వచ్చు.

దర్జీ నా వైపు చూడకుండా "అంతా" అన్నాడు.

మరుసటి రెండు రోజులూ పని నుంచి వచ్చాక తలుపు తలుపుకూ వెళ్ళి తలలు లెక్క రాసుకున్నాను. నీళ్ళ ఖర్చునూ మెట్లు కడిగే ఖర్చునూ ఫ్లాటుకింత అని కాక తలకింత అని పంచాలన్నది నా ప్రతిపాదనే. న్యాయమైన పద్ధతి అదే. ఇప్పటికీ అదే అంటాను.

దర్జీ తలుపు తీసి, "అయిదుగురం. మా అత్తమ్మ స్నానం వారానికొక్కపారే చేస్తది. ఆమెను పావు కింద రాస్కో సాబ్," అన్నాడు. లోపలి నుంచి అత్తగారు ఉర్దూలో ఏదో అంది. దర్జీ గొంతు తగ్గించి, "పూర నంబరే రాయి," అన్నాడు.

నర్సు, "ముగ్గురం అన్నయ్యగారూ. మా ఆయన పగలంతా నిద్రే కాబట్టి నీళ్ళు వాడరు. అయినా రాసేసుకోండి, మళ్ళీ మీ కూడికలో తేడా వస్తే మాకు నిద్ర పట్టనివ్వరు," అంది.

తొమ్మిదో నంబరులో డ్రైవరు. రాయచోటి దగ్గరి అబ్బాయి, ముప్పై దాటి ఉండవు, సరుకు లారీ తోలుతాడు. పెళ్ళయి రెండేళ్ళు. ఆ అమ్మాయి తలుపు వెనక నిలబడి ఉంది. "ఇద్దరం సార్. ఫిబ్రవరికి ముగ్గురమైతాం. ఇప్పుడే రాసుకుంటారా, అప్పుడొస్తారా?" అని నవ్వాడు. పుట్టినప్పుడు వస్తానన్నాను. ఆ మాట నోట్ చేసుకోలేదు, కాని గుర్తుంది.

పదకొండో నంబరు నా బల్ల దగ్గర కూర్చుని పూర్తిచేశాను. గడి చిన్నది. అందులో 4 వేశాను. మొత్తం యాభై మూడు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, అరబ్బీ ప్రతి కోసం దర్జీకి ఇచ్చాను. ఆ తరువాత ప్రతి నెలా నలుగురి వాటా కడుతూ వచ్చాను. లేని ముగ్గురి నీళ్ళకు కట్టడంలో నాకు బాధ గాని, ప్రాయశ్చిత్తం చేస్తున్న ఊరట గాని కలగలేదు. మొత్తం సరిపోవాలి, సరిపోయింది.

నిర్వహణ బాగానే సాగింది. నవంబరు ఇరవై మూడున లిఫ్టు తిరిగింది, మొత్తం నూట పన్నెండు రోజుల తరువాత. గిడ్డంగిలో పారేసిన చెక్కపట్టీ ఒకటి తెచ్చి, సెంటీమీటర్లు గీసి, ఉదయం అయిదున్నరకూ సాయంత్రం ఏడింటికీ ట్యాంకులో దించి లోతు రాసేవాడిని. నలభైకి దిగగానే ట్యాంకరుకు ఫోను చేసేవాడిని. డిసెంబరు, జనవరి నెలల్లో ట్యాంకు ఒక్కసారి కూడా ఎండలేదు. మెట్ల మీద ఎదురైనవాళ్ళు సలాము చేయడం మొదలుపెట్టారు. ఆరో నంబరు పాకిస్తానీ ఇంటి నుంచి రెండుసార్లు పులావు వచ్చింది, "బాజీకీ, పిల్లలకూ" అని, నా భార్యను కూడా కలిపి నలుగురికి సరిపడా. ఒక్కోసారి మూడు పూటలు తిన్నాను.

డ్రైవరు భార్య డిసెంబరు పద్నాలుగున కాన్పుకు ఊరికి వెళ్ళింది. రీఎంట్రీ మీదే వెళ్ళింది, తిరిగి రావలసిన మనిషి. కాని ఆమె వెళ్ళగానే అతని ఇల్లు ఒంటరి మగవాడి ఇల్లయింది, అతను ఆ సంగతి గుర్తించలేదు. ఆమె చెప్పులు కూడా ఊరికే వెళ్ళాయి. ఆరేసే తీగ మీద అతని ప్యాంట్లు మాత్రమే ఉండేవి. గురువారం రాత్రులు సులై క్యాంపు నుంచి ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. వండుకుని తినేవారు, నవ్వేవారు, చల్లగాలికని మెట్ల మీద కూర్చునేవారు. ఎదురు తలుపు దర్జీది.

జనవరి మొదటి వారంలో లిఫ్టులో అతనూ నేనూ ఇద్దరమే ఉన్నాం. నాలుగు అంతస్తుల లిఫ్టు మూడో అంతస్తు చేరడానికి పంతొమ్మిది సెకన్లు పడుతుంది. తలుపు బయట ఒక జత ఆడవాళ్ళ చెప్పులు పెట్టుకో, తీగ మీద ఒక చీరో నైటీయో వేయి, స్నేహితులను మెట్ల మీద కూర్చోనివ్వకు అని చెప్పడానికి అంత సమయం చాలు. ఆ మూడు వాక్యాలూ నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. చెబితే నాకెలా తెలుసునని అతనికి తెలిసిపోతుంది. "బిడ్డకు పేరు అనుకున్నారా?" అని అడిగాను. "పుట్టనీ సార్, మొగమన్నా సూడల్ల గదా," అన్నాడు. మూడో అంతస్తు వచ్చింది.

జనవరి ముప్పైన, శుక్రవారం ఉదయం, పెద్ద కొడుకు తమ్ముడు చెప్పకుండా వచ్చాడు. మూడో అంతస్తు మెట్ల మీద ముగ్గురు మగవాళ్ళు లుంగీలతో, మధ్యలో అన్నం గిన్నెతో కూర్చుని ఉన్నారు. ఫోటో తీసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం దర్జీ ఫోనుకు ఫోటో, దాని కింద ఒక్క ప్రశ్న వచ్చాయి: ఇదేనా ఫ్యామిలీ భవనం? వారంలో జవాబు కావాలని అన్నాడు.

ఆ సాయంత్రం దర్జీ ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం. చాయ్ వచ్చింది. తొమ్మిదో నంబరు పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలన్న నోటీసు నేను రాయాలి, ముగ్గురం సంతకం పెట్టాలి. కాగితం తీశాను. తేదీ వేశాను. అక్కడ ఆగాను.

"ఆ అమ్మాయి ఏప్రిల్‌లో వచ్చేస్తుంది కదా," అన్నాను.

"ఏప్రిల్ దాంక మక్తబోడు ఆగుతడా? మల్ల నీళ్ళకు బకెట్లు పట్టుకోని ఉరుకుదమా?" అన్నాడు దర్జీ. "నాకిద్దరు ఆడపిల్లలు సాబ్. ఎదురుంగ తలుపు తీస్తే లుంగీలు. నేనేమనాలె?"

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. అప్పుడు నేను, ఏ ముందస్తు ఆలోచనా లేకుండా, "నా ఫ్లాటులోనూ ఒక్కరే," అన్నాను. "పట్టికలో నాలుగని రాసింది తప్పు. పంతొమ్మిది నెలలుగా నేనొక్కడినే."

ఇద్దరూ ఏమీ ఆశ్చర్యపోలేదు. నర్సు చాయ్ గ్లాసులోకి చూసింది. దర్జీ మీసం తుడుచుకున్నాడు.

"గా ముచ్చట మాకెర్క లేదా సాబ్? మీ గడప ముంగట చెప్పులు ఏడాదిన్నర సంది ఒక్క దిక్కే చూస్తున్నయి. చిన్నపిల్ల చెప్పులు అట్ల బుద్ధిగ కూసుంటయా ఎక్కడన్న?"

"పాకిస్తానీ వాళ్ళకు కూడా తెలుసు అన్నయ్యగారూ," అంది నర్సు. "పులావు ఊరికే పంపిస్తారా? ఒక్కరే వండుకోలేరని పంపిస్తున్నారు."

"మరి నాకెందుకు నోటీసు లేదు?"

"మీరు పోతే నీళ్ళెవలు కొలుస్తరు?" అన్నాడు దర్జీ. వేళాకోళంగా అనలేదు. ధర చెప్పినట్టు అన్నాడు.

నర్సు నెమ్మదిగా, "మీరున్నట్టు ఎవరికీ తెలియదండీ. చప్పుడుండదు. అతనికది చేతకాలేదు. అతనికి చెప్పేవాళ్ళు కూడా లేరు," అంది.

లిఫ్టులోని పంతొమ్మిది సెకన్ల సంగతి ఆమెకు తెలియదు. నోటీసు ఇంగ్లీషులో ఏడు వాక్యాలు రాశాను. ఒప్పందంలోని షరతు సంఖ్య, ఖాళీ చేయవలసిన తేదీ, కట్టిన అద్దెలో తిరిగి రావలసిన మొత్తం. ఆ మొత్తంలో రెండు రోజుల అద్దె అతనికి ఎక్కువ వచ్చేటట్టు వేశాను. ఎందుకు రెండు రోజులో చెప్పలేను. మొదటి సంతకం నాది.

ఇవ్వడానికి వెళ్ళిందీ నేనే. అతను చదువుకుని, తలుపుకు భుజం ఆనించి నిలబడ్డాడు.

"అన్నం తినేదానికొస్తారు సార్ వాళ్ళు. క్యాంపులో నీళ్ళపప్పు పోస్తారు. ఇంట్లో వండింది నాలుగు మెతుకులు తినిపోతారని పిలిస్తి. తప్పా?"

"తప్పు కాదు. షరతు ఉంది."

"మా ఇంటామెకు యాం జెప్పేది? నెలలు నిండినాయి. ఇల్లు పొయ్యిందంటే ఆడ ఏడుస్తాది." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ ఇంటోళ్ళు ఎట్లుండారు సార్?"

అతని ముఖంలో ఏమీ లేదు. తెలిసి అడిగాడో తెలియక అడిగాడో ఆనాడు తేల్చుకోలేకపోయాను.

"బాగున్నారు," అన్నాను.

"సరే సార్. మీరేం జేస్తారు, రాసేపని మీది."

ఫిబ్రవరి పద్నాలుగున వెళ్ళిపోయాడు. మంచం, ఫ్రిజ్, ఇంకా మడత విప్పని ఉయ్యాల గుడ్డ ఒకటి లారీలోకి ఎక్కించుకున్నాడు. తాళంచెవులు రెండు అప్పగించి నా పుస్తకంలో సంతకం చేశాడు. మొత్తాన్ని యాభై ఒకటికి మార్చాను. పది రోజులకు తొమ్మిదో నంబరులోకి ఒక ఈజిప్టు కుటుంబం వచ్చింది, ఆరుగురు. యాభై ఏడు. పెద్ద కొడుకు సంతృప్తిగా ఉన్నాడని దర్జీ చెప్పాడు. ట్యాంకులో లోతు ఆ వారమంతా తొంభైకి తగ్గలేదు.

విజిట్ వీసాలు మార్చి నెలాఖరుకు వచ్చాయి. ఏప్రిల్ ఇరవై ఏడున భార్య, పిల్లలు దిగారు. పెద్దది నా భుజం దాటింది. చిన్నదాని చెప్పులు తలుపు బయటవి దాని కాలికి పట్టలేదు. అవి తీసి పారేయమంది, పారేశాను. ఇంట్లో నీళ్ళ శబ్దం, మిక్సీ శబ్దం, రాత్రి పొద్దుపోయేదాకా ఇద్దరి గొడవ. భార్య అడిగింది, "అందరూ మీకు ఇంత మర్యాద చేస్తున్నారేం?" అని. సంఘం గురించి చెప్పాను. లిఫ్టు గురించి, చెక్కపట్టీ గురించి చెప్పాను. మేడ మీదికి తీసుకెళ్ళి లోతు ఎలా కొలుస్తానో చూపించాను. తొమ్మిదో నంబరు గురించి చెప్పలేదు. ఆమె సంతోషించింది. సంతోషించవలసినప్పుడు నాలో ఏదో ఒకటి కదలాలి కదా అని నేను కనిపెట్టుకుని ఉన్నాను. నలభై అయిదు రోజులకు వాళ్ళు మళ్ళీ వెళ్ళిపోయే వీడ్కోలు అప్పుడే లెక్కలో పడిపోయింది కాబోలు, కదలలేదు. పట్టికలోని అంకె మాత్రం ఇప్పుడు నిజం.

మే పంతొమ్మిదిన సులైలో, మా గిడ్డంగి మూడో గేటు దగ్గరికి సరుకు లారీ వచ్చింది. దిగినవాడు తొమ్మిదో నంబరు డ్రైవరు. కాస్త చిక్కాడు. అతనిప్పుడు ఉండేది అక్కడికి రెండు వీధుల అవతలి క్యాంపులోనే.

"సార్! మీ గోడౌనేనా ఇది?" అని దగ్గరికి వచ్చాడు. ఫోను తీసి చూపించాడు. "ఆడపిల్ల. మూడు కేజీల నూరు గ్రాములు. మీకు లెక్క కావల్ల కదా, అడిగి కనుక్కున్యా."

ఫోటోలో బిడ్డ నిద్రపోతోంది. బాగుందన్నాను. భార్య ఎప్పుడు వస్తుందని అడగవలసి వచ్చింది, అడిగాను.

"యాడికొస్తాది సార్? రీఎంట్రీ అయిపాయె. ఇల్లు లేనిది నేను పొడిగించలే. పిల్లకు కాయితాలు, దానికి మళ్ళీ రుసుం. సంవత్సరానికొక తూరి నేనే పోతా. చూద్దాం." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మీవాళ్ళొచ్చినారంట కదా?"

"వచ్చారు."

"మంచిది సార్. నాకు ముందే తెలుసు, మీ ఇంట్లో ఒక తట్ట కడిగిన సప్పుడే వచ్చేది. నేనెవురికీ చెప్పల్యా." అతను ఆ మాట దెప్పుతూ అనలేదు. ఏదో సాయం చేసినవాడిలా అన్నాడు, దానికి బదులు కూడా ఏమీ అడగలేదు.

సరుకు దించారు. చీటీలో రెండు వందల నలభై పెట్టెలని ఉంది. వరసకు ఎనిమిది చొప్పున ముప్పై వరసలు. నేను లెక్కపెట్టాను. సరిపోయింది. అతను కలం ఇచ్చాడు, అందినట్లు సంతకం పెట్టాను. అతను చీటీని ఊది ఆరబెట్టుకుని, లారీ ఎక్కి, వెనక్కి తీయడానికి చోటు చూసుకోమని నన్నే అడిగాడు. నేను గేటు పక్కన నిలబడి, రా, రా, ఇంకా చోటుంది అని చేయి ఊపాను. సాయంత్రం ఇంటికి వెళ్ళాక, ఏడింటికి, ట్యాంకు లోతు కొలవడానికి మేడ ఎక్కాను. అరవై రెండు. భార్య కింది నుంచి అన్నానికి పిలిచింది. వస్తున్నానన్నాను. చాలాసేపు వెళ్ళలేదు.